మొదటి వైపు అయిపోయాక

కువైట్‌లో నేను చేసిన పనేమిటో మనవాళ్లకు ఒక్కసారి చెబితే అర్థమయ్యేది కాదు. డ్రైవరు అంటే తెలుస్తుంది, వంటమనిషి అంటే తెలుస్తుంది. "ఇళ్లలో పాటలు వినే మిషన్లు బిగిస్తాను" అంటే మాత్రం "అంటే ఎలక్ట్రీషియనా?" అనేవారు. కాదంటే "మరి డీజేనా?" అనేవారు. సాల్మియాలో మా గదిలో ఉండే రాజోలు ఆయనైతే, నేను సినిమా హాల్లో పని చేస్తున్నానని కోనసీమంతా చాటింపు వేసి పెట్టాడు. సెలవుకి వెళ్లినప్పుడల్లా కొత్త సినిమాల కబుర్లు అడిగేవారు. మొదట్లో కాదని చెప్పి చూశాను. తర్వాత ఓపిక లేక, "బాగుంది, ఒకసారి చూడొచ్చు" అని తప్పించుకునేవాణ్ణి.

ఈమధ్యే పని మానేశాను. ఇక్కడే సాల్మియాలో, ఆసుపత్రిలో నర్సుగా చేసే మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. నేను పని చేసిన షాపులో కొత్తగా చేరినవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి, "అంకుల్, మీకు తెలిసింది కాస్త రాసి పెట్టండి" అన్నారు. వైర్లు ఎలా కలపాలో రాయను. దానికి మీ ఫోన్లో బోలెడు వీడియోలున్నాయి, నాకంటే బాగా చెప్తాయి. వీడియోల్లో దొరకనిది ఒకటుంది. అది చెప్పాలంటే మీకు ఒక రికార్డు సంగతి చెప్పాలి. అంతకంటే ముందు, నాకు పని నేర్పిన మనిషి గురించి చెప్పాలి.

ముందు కూర్చో

ఆయన పేరు అబూ సమీర్. లెబనాన్ మనిషి, మా షాపులో సర్వీసు విభాగానికి పెద్ద. గుండ్రటి పొట్ట, చొక్కా జేబులో పెన్నులకు బదులు స్క్రూడ్రైవర్లు. నాకు అరబ్బీ రాదు, ఆయనకు తెలుగు రాదు, హిందీ ఇద్దరికీ సగం సగమే వచ్చు. ఆ సగాలతోనే ఆయన ఉన్నన్నాళ్లూ హాయిగా గడిపేశాం.

నేను చేరిన కొత్తలో, ఒక ఇంట్లో ఒకవైపు స్పీకరు శబ్దం మందంగా వస్తోందని ఫిర్యాదు వచ్చింది. నేనూ ఇంకో టెక్నీషియనూ వెళ్లాం. ఆంప్లిఫయర్ మూత తీశాం, స్పీకరు విప్పాం, వైర్లన్నీ మార్చాం. తివాచీ నిండా సామానే. ఇంటావిడ కాలు గాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. ఇక లాభం లేదని అబూ సమీర్‌కి ఫోన్ చేశాం. ఆయన వచ్చాడు, మా వంకైనా చూడలేదు. ఇంటావిడను టీ అడిగాడు. ఆవిడ రోజూ కూర్చునే సోఫాలో కూర్చుని, కళ్లు మూసుకుని కాసేపు విన్నాడు. లేచి వెళ్లి, కొత్తగా కుట్టించిన బరువైన కర్టెన్ స్పీకరు మీదికి జారి ఉంటే ఎత్తి వెనక్కి తోశాడు. మళ్లీ వచ్చి కూర్చుని టీ పూర్తి చేశాడు. నేను నోరెళ్లబెట్టుకుని నిలబడ్డాను.

కారులో మమ్మల్ని తిట్టలేదు. "సూరీ, ముందు కూర్చో" అన్నాడు. "ఆ ఇంటి మనిషి ఎక్కడ కూర్చుంటాడో అక్కడే కూర్చో. విను. చెయ్యి తర్వాత. షువై షువై."

షువై షువై అంటే మెల్లమెల్లగా అని. ఈ దేశంలో నేను నేర్చుకున్న మొదటి అరబ్బీ మాట అదే.

ఇప్పటి వాళ్లను చూస్తుంటాను. గదిలో అడుగు పెట్టగానే ఫోన్ తీసి కొలతలు మొదలెడతారు. గది పొడవెంత, వెడల్పెంత, గోడ దేనితో కట్టారు, అన్నీ అడుగుతారు. ఆ గదిలో కూర్చునేది ఎవరని అడిగినవాణ్ణి మాత్రం ఇంతవరకూ చూడలేదు. కోపగించుకోకండి, ఉన్నమాట చెబుతున్నాను.

మిస్కీన్ పాటలు

సముద్రం వైపు పాత ఇళ్లలో అబూ ఖాలిద్ గారి ఇల్లు ఒకటి. ఇంట్లో అందరూ ఆయన్ని బాబా అనేవారు, నేనూ అలాగే అలవాటు పడ్డాను. వయసులో ఉండగా యూరప్ వెళ్లి ఇంజినీరింగ్ చదువుకుని వచ్చిన మనిషి. వాళ్ల నాన్నకు బొంబాయితో వ్యాపారం ఉండేదట, అందుకని హిందీ నాకంటే బాగా మాట్లాడేవాడు. ఆ ఇంట్లో వంటా ఇంటిపనీ చూసే నాగమ్మ మన మనిషే, రాయచోటి దగ్గర పల్లె. నేను మొదటిసారి వెళ్లినప్పుడు తలుపు తీసి, నా బ్యాగు మీద మా అమ్మాయి తెలుగులో రాసిన పేరు చూసి, "అబ్బ, మన తెలుగాయప్పనే!" అని కేకేసింది. అప్పట్నుంచీ నేను ఆవిడకు అన్నను.

ఆ రోజు రికార్డు ప్లేయర్‌కి సూది మార్చడానికి వెళ్లాను. సూది బిగించాక సరి చూద్దామని, పక్కనే ఉన్న రికార్డు వేశాను. అట్ట మీద పొడుగు జుట్టు, చెంపల దాకా గడ్డం, నిద్ర చాలని కళ్లు ఉన్న ఒక మనిషి బొమ్మ. నూట యాభై ఏళ్ల కిందటి మనిషట, జర్మనీ వైపు ఏదో చిన్న ఊళ్లో బ్యాండు మేస్టరు. పెద్ద ఆర్కెస్ట్రా. ముందు దూరంగా ఊదినట్టు కొమ్ములు, ఆ తర్వాత వయొలిన్లన్నీ కలిసి పరుగు, ఆ మీద డోళ్లు. ఏదో పెద్దదే జరగబోతోందని నేను సర్దుకుని నిలబడ్డాను. ఢామ్మని మోగి ఆగిపోయింది.

"ఇదేంటి బాబా, ఇంత హడావుడి చేసి ఆపేశాడు?" అన్నాను.

బాబా నవ్వాడు. "దీన్ని ఓవర్చర్ అంటారు. నాటకం మొదలయ్యే ముందు, తెర లేవకముందు వాయించేది. జనం సర్దుకుని కూర్చోవాలి కదా."

"మరి నాటకమేదీ?"

"పాటల నాటకాలు రాశాడు పాపం, ఒక్కటీ ఆడలేదు. ఒకదానికి మొదటి రోజే జనం మధ్యలో లేచి వెళ్లిపోయారట. ఇంకోదానికి అసలు తెరే ఎత్తలేదట. అన్నీ పోయి ఇవి మాత్రం మిగిలాయి. మిస్కీన్."

మిస్కీన్ అంటే అయ్యో పాపం అనిపించే మనిషి. ఆ స్వరకర్త అసలు పేరు బాబా ఎన్నిసార్లు చెప్పినా నా నోరు తిరగలేదు. చివరికి మా ఇద్దరికీ ఆయన పేరు మిస్కీనే అయింది.

నాకు మాత్రం తెర లేవకముందు వాయించేది అనగానే మా మావయ్య గుర్తొచ్చాడు. కోనసీమలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. నాటకం రాత్రికి గానీ మొదలు కాదు, జనం మాత్రం చీకటి పడకముందే చాపలు పరిచేవారు. వాళ్లు అల్లరి చేయకుండా మావయ్య తెర ముందు కూర్చుని వాయిస్తూ ఉండేవాడు. నేను అది వింటూ వింటూ అమ్మ ఒళ్లో నిద్రపోయేవాణ్ణి. నాటకం ఒక్కటీ చూసిన గుర్తు లేదు. తెర ముందు హార్మోనియం మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఇదంతా చెప్తే బాబా ముఖం వెలిగిపోయింది. "అయితే మీ మావయ్య కూడా మిస్కీనేనా?"

"లేదు బాబా. ఆయనకి టీలు, శాలువాలు, దండలు అన్నీ అందేవి. నాటకం బాగోలేకపోతే తిట్లు తినేది వేషాలవాళ్లే."

ఆయన పగలబడి నవ్వాడు. ఆ రోజు నుంచి నేను ఎందుకు వెళ్లినా రికార్డు ఒక వైపు విని గానీ బయటికి వచ్చేవాణ్ణి కాదు. ఒకసారి, ఇవే ఎందుకు వింటారు బాబా, పూర్తి కథ ఉన్నవి వినొచ్చు కదా అన్నాను. "వీటిలో అన్నీ ఇంకా మొదలవబోతూ ఉంటాయి సూరీ. నా వయసుకు అది మంచి వార్త" అన్నాడు.

ఆ రికార్డు వినడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. ప్లేయరు గదికి అటు చివర. మొదటి వైపు మూడు ఓవర్చర్లు, రెండో వైపు మూడు. మొదటి వైపు అయిపోగానే ఆయనే లేచి గది దాటి వెళ్లి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము తుడిచి, రికార్డు తిప్పి పెట్టేవాడు. ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. నాగమ్మ టీ కప్పు కుర్చీ దగ్గర కాకుండా ప్లేయరు పక్కన పెట్టేది. ఎలాగూ అక్కడికి వస్తాడు కదా, నిలబడే తాగేవాడు. పాత స్నేహితులు వచ్చే రోజుల్లో వాళ్లూ ఆయనతోపాటు లేచి, కాళ్లు సాగదీసుకుని, ఆ ప్లేయరు చుట్టూ నిలబడి కబుర్లు చెప్పుకునేవారు. ఆ గది తలచుకుంటే నాకిప్పటికీ ఏలకుల టీ వాసన వస్తుంది. నా ఉద్యోగంలో నేను చూసిన అందమైన సాయంత్రాలు అవే.

కొడుకు ప్రేమ

కొన్నేళ్లకు అబూ సమీర్ వాళ్ల దేశం వెళ్లిపోయాడు. బాబా స్నేహితులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. తర్వాత బాబాకు పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, కుడి కాలు మాత్రం బరువెక్కింది. పొద్దున పూట ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ వచ్చి చేతికర్రతో నడిపించేది. సణుగుతూనే అయినా నడిచేవాడు. సాయంత్రం రికార్డు కూడా తనే తిప్పుకునేవాడు.

కొడుకు ఖాలిద్‌కి సిటీలో, షర్క్‌లో పెద్ద ఆఫీసు. తండ్రంటే ప్రాణం. ఒక సాయంత్రం బాబా రికార్డు తిప్పుతూ తూలడం చూశాడు. మర్నాడే మా షాపుకొచ్చాడు. "నాన్న కుర్చీలోంచి లేవక్కర్లేకుండా ఏదైనా కావాలి. ఎంత మంచిదైనా సరే" అన్నాడు. అబూ సమీర్ స్థానంలో వచ్చిన మేనేజరు చెడ్డవాడేమీ కాదు, కాకపోతే అమ్మకం తప్ప ఇంకోటి తెలియని మనిషి. ఖాలిద్ ఆ మాట అనేసరికి ఎగిరి గంతేశాడు.

నేనే వెళ్లి బిగించాను. స్పీకర్లు పైకప్పులో, మీట ఫోన్లో. మిస్కీన్ ఓవర్చర్లు కూడా ఫోన్లో దొరికాయి, అదే ఆర్కెస్ట్రా, అదే వరస. వేలు తాకిస్తే చాలు, ఆరూ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. శబ్దమైతే నిజంగా బ్రహ్మాండం. పాత ప్లేయరు సామాన్ల గదిలోకి వెళ్లింది. అందరికంటే సంబరపడింది నాగమ్మ.

"ఇంగ బాబా లేయాల్సిన పన్లేదు. కూచున్న కాడికే చాయ్, కూచున్న కాడికే పాటలు!"

బాబా చివరిదాకా విని, "షుక్రన్, సూరీ" అన్నాడు. ఇంటికొచ్చిన అతిథికి థాంక్స్ చెప్పినట్టు మర్యాదగా చెప్పాడు. నాకు ఏదో వెలితిగా అనిపించింది గానీ, కొత్త మిషను కదా, అలవాటు పడతాడులే అనుకున్నాను.

మిషన్ బాగానే ఉంది

కొన్నాళ్లకు నాగమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, నువ్వు బిగిచ్చిన మిషన్ యాడో చెడిపోయిండాది. ఒకసారి వచ్చి చూడన్నా."

"ఏమైంది తల్లీ? సౌండ్ రావట్లేదా?"

"సౌండ్ వస్తాంది. బాబానే ఇనేది ల్యా. నేను పెడితే ఇంటాడు, ల్యాకుంటే అడిగేదే ల్యా. కుర్చీలోంచి లేచేది ల్యా, నడిచేది ల్యా. పొద్దున వచ్చే డాక్టరమ్మను గూడా పొమ్మంటాండాడు. గోడ కాడినుంచి గోడకు నడిచేదానికి నేనేమన్నా జైల్లో ఉండానా అంటాడు. ఇట్లే ఇంగ కొన్నాళ్లు పోతే మళ్ల కాళ్లు రావని ఆయమ్మ చెప్పేసింది. నాకు బయ్యమైతాందన్నా."

వెళ్లాను. అన్నీ పరీక్షించాను, మిషన్‌లో లోపమేమీ లేదు. బాబా చిక్కిపోయాడు. కాళ్ల మీద దుప్పటి, మోచేతి దగ్గర చిన్న బల్ల, దాని మీద టీ, మందులు, ఫోన్, మంచినీళ్లు. చెయ్యి చాపితే అందనిది ఆ గదిలో ఒక్కటీ లేదు.

ఏం చెయ్యాలో తోచక, అబూ సమీర్ చెప్పినట్టు పక్క కుర్చీలో కూర్చున్నాను. నాగమ్మను ఓవర్చర్లు పెట్టమన్నాను. మొదటిది, రెండోది, మూడోది. మూడోదాని చివరి డోళ్లు మోగి ఆగాయి. గదిలో చిన్న నిశ్శబ్దం. అప్పుడు చూశాను. బాబా ఎడమ చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. కుడి చెయ్యి కర్ర కోసం తడిమింది. భుజాలు ముందుకు వంగాయి. కళ్లు పాత ప్లేయరు ఉండే మూలకు వెళ్లాయి. అంతలో పైకప్పులోంచి నాలుగోది దానంతటదే మొదలైపోయింది. ఆ పట్టు సడలింది. మాట్లాడబోతుంటే మధ్యలో ఎవరో అందుకున్నట్టు, పైకి ఒకసారి చూసి వెనక్కి వాలిపోయాడు.

ఆయన రోజంతా ఎదురు చూసేది ఆ లేవడం కోసమే. ఆ లేచే పని ఉన్నంతకాలం పొద్దున నడకకు కూడా ఒక అర్థం ఉండేది. అది తీసేసి, చేతికి అన్నీ అందించి, ఇక నడవమంటే ఎక్కడికి నడుస్తాడు?

పాత ప్లేయరు మళ్లీ బయటికి తీద్దామని ఆ సాయంత్రమే ఖాలిద్‌తో చెప్పాను. ఎంత చెప్పినా ఆయన మొదట ఒప్పుకోలేదు.

"పడితే? తుంటి విరిగితే? నేను కళ్లారా చూశాను, తూలాడు."

"పక్కన మనం ఉంటాం సార్. పడనివ్వం. కానీ లేవనివ్వాలి."

"అన్నీ ఉన్న ఇంట్లో మా నాన్న లేచి రికార్డు తిప్పుకోవడం ఏమిటి సూరీ? చూసినవాళ్లు ఏమంటారు?" అన్నాడు. అంటూనే ఆయన కళ్లు తడి అయ్యాయి. ఆ భయం నాకు అర్థమైంది. చివరికి డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. కర్ర ఉండాలి, వెనక ఒక మనిషి ఉండాలి, అంతే, లేవడమే మందు అని ఆవిడ గట్టిగా చెప్పింది.

నాగమ్మ పుణ్యం

పాత ప్లేయరు బయటికి తీస్తే పళ్లెం తిప్పే రబ్బరు బెల్టు ఎండి పెళుసైపోయింది. సరిపోయే బెల్టు కోసం తిరిగి తిరిగి తల ప్రాణం తోకకొచ్చింది. దొరికింది. కొత్త సూది పెట్టి, దుమ్ము దులిపి తుడిచి, యథాస్థానంలో, గదికి అటు చివర పెట్టాను. బాబా ఏమీ అనలేదు గానీ ప్లేయరు మూత తెరిచినప్పుడు మెడ సాచి చూశాడు. నాకు ఆశ పుట్టింది.

రికార్డు పెట్టాను, మొదటి వైపు అయింది. సూది చివరి గీతలోకి వెళ్లి టక్, టక్ అని తిరుగుతోంది. బాబా కర్ర అందుకున్నాడు.

వంటింట్లోంచి నాగమ్మ తడి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి సూది ఎత్తి, రికార్డు చక్కగా తిప్పి, సూది దించి, మా వైపు తిరిగి విజయగర్వంతో నవ్వింది. తనకు అది వచ్చని ఆ రోజు దాకా మాకెవరికీ తెలీదు.

బాబా కర్ర గోడకు ఆనించేశాడు. "షుక్రన్, నాగమ్మా" అన్నాడు.

ఆవిడను వరండాలోకి పిలిచాను. "ఏం పని చేశావే తల్లీ!"

"ఏం చేసినాన్నా? పెద్దాయన, కాలు బాగల్యా. నేను ఈడ గుండ్రాయి మాదిరి నిలబడుకొని చూస్తాంటే ఆయప్ప లేచి తిప్పుకోవాల్నా? మాయమ్మ చూస్తే చెంప పగలగొడతాది. పుణ్యం రాకపోయినా పాపం తగలకుండా ఉండాల గదా!"

నేనూ అలాగే పెరిగాను. మా ఇంట్లో తాతయ్య మంచినీళ్ల కోసం లేవబోతే నలుగురం గ్లాసు పట్టుకుని పరుగెత్తేవాళ్లం. ముందు అందించినవాడు బుద్ధిమంతుడు. పెద్దవాళ్ల మీద ప్రేమ చూపించడానికి మనకు తెలిసిన మార్గం అదొక్కటే, "మీరు లేవకండి" అనడం. ఖాలిద్ చేసింది అదే, నాగమ్మ చేసింది అదే. ఎవరిని తప్పుపట్టను?

"చూడమ్మా" అన్నాను, "రేపు ఆ టక్ టక్ వినబడగానే నువ్వు ఏమీ చెయ్యకూడదు. అదే నీ పని."

"ఏమీ చేయకుండా ఉండేది ఎంత కష్టమో నీకు తెల్దన్నా."

"తెలుసే తల్లీ. ఇంకోటి. టీ కుర్చీ దగ్గర వద్దు. మునుపు పెట్టేదానివి కదా, ప్లేయరు పక్కన, అక్కడ పెట్టు."

"ఆడ పెడితే బాబాకు అందదు గదన్నా!"

"అందకూడదనే."

నన్ను ఎగాదిగా చూసింది. ఇంత కఠినమైన మనిషినని అనుకోలేదు కాబోలు. చివరికి కొంగుతో ముక్కు తుడుచుకుని, "నువ్వు చెప్తాండావని చేస్తా. పాపం తగిల్తే నీకే" అని లోపలికి వెళ్లింది.

సూది తిరుగుతూనే ఉంది

మర్నాడు ఖాలిద్ ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశాడు. నేనూ షాపులో చెప్పి వచ్చాను. నాగమ్మ టీ తెచ్చి ప్లేయరు పక్కన పెట్టింది, పెట్టి బాబా ముఖం చూడలేక గోడ వైపు తిరిగింది. మొదటి వైపు మొదలైంది. కొమ్ములు, వయొలిన్లు, డోళ్లు. ఎన్నోసార్లు విన్నవే. ఆ రోజు మాత్రం మిస్కీన్ మా కోసమే రాశాడేమో అనిపించింది.

మూడోది అయిపోయింది. టక్. టక్. టక్.

ఎవరూ కదల్లేదు. బాబా నాగమ్మ వైపు చూశాడు, ఆవిడ గోడనే చూస్తోంది. ఖాలిద్ వైపు చూశాడు. ఖాలిద్ ఆగలేక సగం లేచాడు, నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను. నా వైపు చూశాడు, నేను తివాచీ మీద పువ్వులు చూస్తూ కూర్చున్నాను. సూది తిరుగుతూనే ఉంది. నాగమ్మ పెదాలు కదులుతున్నాయి, వెంకటరమణుడికి మొక్కుకుంటోంది. నిజం చెప్పొద్దూ, నేనే లేచి తిప్పేద్దామా అనిపించింది. ఒక ముసలాయన్ని ముగ్గురు కలిసి ఏడిపిస్తున్నట్టు ఉంది.

బాబా గొంతు సవరించుకున్నాడు. "ముగ్గురూ కలిసి కుట్ర చేశారా?" అన్నాడు హిందీలో.

దుప్పటి తీసి పక్కన పెట్టాడు. కర్ర అందుకున్నాడు. ఒకసారి లేవబోయి కూలబడ్డాడు. రెండోసారి లేచాడు. నిలబడి, ఊపిరి తీసుకుని, బరువు కాలు ముందుకు ఈడ్చాడు. ఖాలిద్ రెండు చేతులూ చాచి, తాకకుండా, వెనకే ఒక్కో అడుగూ వేశాడు. ఆ గది అంత పొడుగని నాకు అంతకుముందు తెలీదు. ప్లేయరు దాకా వెళ్లాడు. రికార్డు తీశాడు, బ్రష్షుతో తుడిచాడు, తిప్పాడు. సూది జారి ఎక్కడో మధ్యలో పడింది. నిశ్శబ్దంగా మొదలవాల్సింది డోళ్లతో ఢమఢమా మొదలైంది.

బాబా ఉలిక్కిపడి, వెంటనే నవ్వేశాడు. ఎన్నాళ్లకో విన్నాం ఆ నవ్వు. సూది ఎత్తి మళ్లీ అంచు మీద పెట్టుకున్నాడు. నిలబడే టీ కప్పు తీసుకుని ఒక గుక్క తాగి, మొహం చిట్లించాడు.

"నాగమ్మా! చాయ్ చల్లారిపోయింది!"

నాగమ్మ భోరుమంది. "ఇంగోటి తెస్తా బాబా, ఇప్పుడే తెస్తా!" అంటూ ఏడుస్తూనే వంటింట్లోకి పరుగెత్తింది. వేడి వేడి కప్పుతో వచ్చి, ఒక్క క్షణం ఆగి, కుర్చీ వైపు వెళ్లబోయి, మళ్లీ ప్లేయరు పక్కనే పెట్టింది. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాత బాబా పొద్దున నడక కూడా మొదలెట్టాడు. కాలు పూర్తిగా రాలేదు, కానీ మంచం పట్టలేదు. చివరి దాకా రికార్డు తనే తిప్పుకున్నాడు. పైకప్పు స్పీకర్లలో ఖాలిద్ పిల్లలు వాళ్ల పాటలు వినేవారు.

ఇప్పుడు

బాబా పోయి కొంతకాలమైంది. ఖాలిద్ నన్ను పిలిచి, ఆ ప్లేయరూ ఆ రికార్డూ నా చేతిలో పెట్టాడు. నేను వద్దన్నాను. "నీకంటే బాగా ఇది ఎవరు వింటారు?" అన్నాడు.

నాగమ్మ ఊరికి వెళ్లిపోయింది. మొన్న ఫోన్ చేసింది. వాళ్ల అత్తకు తుంటి బాగోలేదట, ఆపరేషనైందట. డాక్టరు నడిపించమన్నాడట. "నేను టీ తీస్కపోయి అరుగు ఆ చివర పెడతాండా అన్నా. లేచి వచ్చి తాగు అత్తా అంటాండా. కువైటుకు పోయొచ్చి దీనికి గుండె రాయైపోయిందని ఊరంతా నన్ను తిడతాండారు" అంది. మరి మీ అత్త నడుస్తోందా అని అడిగాను. "నడుస్తాంది. నన్ను తిట్టుకుంటా నడుస్తాంది" అని నవ్వింది.

కొత్తగా పనిలో చేరేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మీరు బిగించే మిషన్లు మావాటికంటే ఎంతో మంచివి, అందులో అనుమానం లేదు. కానీ ఒక ఇంట్లో ఏదైనా తీసేసే ముందు, అది ఆ ఇంటివాళ్ల చేత ఏ పని చేయిస్తోందో కాసేపు కూర్చుని చూడండి. శ్రమ తగ్గించడానికి మనల్ని పిలుస్తారు. ఏ శ్రమ ఉంచాలో వాళ్లు చెప్పరు, వాళ్లకూ తెలీదు.

నాకూ మోకాళ్లు మొరాయిస్తున్నాయి. మా అమ్మాయి నర్సు కదా, ఇంట్లో నన్ను కదలనివ్వదు. ఫోన్లో పెట్టుకో నాన్నా, అన్నీ ఉంటాయి అంటుంది. నేను ఆ ప్లేయరును కావాలనే హాలుకు అటు చివర పెట్టించాను.

ఇది రాస్తూ ఉండగానే మూడో ఓవర్చర్ అయిపోయింది. డోళ్లు ఆగాయి. టక్, టక్ అని సూది తిరుగుతోంది. అమ్మాయి వంటింట్లోంచి టీ కప్పుతో తొంగిచూసింది.

"నాన్నా, నేను తిప్పనా?"

"వద్దమ్మా. ఆ టీ దాని పక్కన పెట్టి వెళ్లు. నేను లేస్తున్నాను."